వకీలు కోటు విడిచి తాళాలు చేసిన అర్దేషిర్ గోద్రెజ్

మన ఇళ్లల్లో ఇనుప బీరువాకు మరో పేరు గోద్రెజ్. ఏ కంపెనీ చేసిందైనా సరే, పెళ్లి సామాన్ల లెక్క వేసేటప్పుడు పెద్దవాళ్లు ‘ఒక గోద్రెజ్’ అనే రాయిస్తారు. నగలు, ఇంటి కాగితాలు, పాస్‌పోర్టులు, పండగ బట్టలు, అన్నీ అందులోకే పోతాయి. తాళంచెవి మాత్రం అమ్మీ కొంగుకో, దాదీమా దిండు కిందకో చేరుతుంది. అయితే గోద్రెజ్ అన్నది ఒక మనిషి పేరని, ఆ మనిషి మొదట వకీలని, అబద్ధం చెప్పలేక ఆ వృత్తినే వదులుకున్నాడని చాలామందికి తెలియదు. ఆ మనిషే అర్దేషిర్ గోద్రెజ్.

అర్దేషిర్ 1868 మార్చి 26న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి బుర్జోర్జీ, తల్లి దోసీబాయి. ఆరుగురు పిల్లల్లో ఈయనే పెద్దవాడు. తండ్రిది ఇళ్లూ స్థలాల వ్యాపారం. కుటుంబం పేరు మొదట గూథెరాజీ అని ఉండేది. అర్దేషిర్‌కు మూడేళ్లు నిండకముందే, 1871లో, తండ్రి దాన్ని గోద్రెజ్‌గా మార్చుకున్నారు.

1890లో బచూబాయితో అర్దేషిర్ పెళ్లి జరిగింది. ఆ కాపురం ఏడాదికి మించి సాగలేదు. 1891 ఏప్రిల్‌లో బచూబాయి, ఆమె బంధువైన మరో యువతి బొంబాయి యూనివర్సిటీలోని రాజాబాయి టవర్ మీద నుంచి పడి చనిపోయారు. నగరమంతా అట్టుడికిపోయింది. కేసు కోర్టుకెక్కినా, పైన అసలేం జరిగిందన్నది గట్టిగా తేలలేదు. అప్పటికి అర్దేషిర్‌కు ఇరవై మూడేళ్లు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పిల్లలూ లేరు. ఆ తర్వాతి జీవితమంతా పనితోనే గడిచింది.

జాంజిబార్‌లో ఆగిపోయిన వకాలత్

లా చదువు పూర్తయ్యాక 1894లో బొంబాయిలోని ఒక సొలిసిటర్ల సంస్థ ఆయన్ను ఆఫ్రికా తూర్పు తీరంలోని జాంజిబార్‌కు పంపింది. అక్కడ ఒక క్లయింటు తరఫున వాదించాలి. కేసు మొదట్లో బాగానే నడిచింది. కొంత దూరం వెళ్లాక, తన క్లయింటు పక్షం గెలవాలంటే తాను నిజమని నమ్మని మాటను నిజమన్నట్టు కోర్టులో నిలబెట్టాలని అర్దేషిర్‌కు అర్థమైంది. ఆయన ఒప్పుకోలేదు. క్లయింటు నచ్చజెప్పాడు, తోటివాళ్లు నచ్చజెప్పారు. వకీలు పని క్లయింటు కోసం వాదించడమే కానీ తీర్పు చెప్పడం కాదన్నది వాళ్ల వాదన. ఆయన తలకు అది ఎక్కలేదు. కేసు చేయి మారింది. అర్దేషిర్ బొంబాయి తిరిగొచ్చి, వకాలత్‌కు అక్కడితో సలాం కొట్టేశారు.

చదివిన చదువు పక్కనపడింది. చేతిలో ఆదాయం లేదు. ఇంటికి పెద్దకొడుకు ఇలా ఖాళీగా కూర్చుంటే ఏ కుటుంబంలోనైనా ఎన్ని మాటలు పడాలో మనకు తెలియనిది కాదు. ఆయన ఒక మందుల దుకాణంలో సహాయకుడిగా చేరారు. అక్కడే ఆపరేషన్లకు వాడే పరికరాల మీద దృష్టి పడింది. కత్తులు, కత్తెరలు, పటకార్లు అన్నీ ఇంగ్లండు నుంచి రావడమేమిటి, ఇక్కడ చేయలేమా అనుకున్నారు.

తండ్రి స్నేహితుడు మేర్వాన్‌జీ ముంచేర్‌జీ కామా అనే పెద్దమనిషి దగ్గరకెళ్లి 3,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. పరికరాలు తయారయ్యాయి. అమ్మిపెట్టాల్సిన ఇంగ్లిష్ కంపెనీకీ అవి నచ్చాయి. అయితే వాటి మీద ఇండియాలో తయారైనట్టు ముద్ర ఉండకూడదని ఆ కంపెనీ షరతు పెట్టింది. ఆ ముద్ర చూస్తే ఎవరూ కొనరన్నది వాళ్ల లెక్క. ఇక్కడ చేసిన వస్తువును ఇక్కడ చేసినదని చెప్పకుండా అమ్మడం అర్దేషిర్‌కు ఇష్టం లేదు. బేరం చెడింది. వ్యాపారం పుట్టిన చోటే ఆగిపోయింది. అప్పు మిగిలింది.

రెండేళ్లు తిరక్కుండానే రెండు దారులు మూసుకుపోయాయి. రెండింటికీ కారణం ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న పట్టుదల. లోకం దృష్టిలో ఇది చేతకానితనం. ఈ పట్టుదలే సరుకుగా పనికొచ్చే వ్యాపారం ఒకటుందని ఆయనకు త్వరలోనే తెలిసింది.

దొంగతనాల వార్త

ఆ రోజుల్లో బొంబాయిలో దొంగతనాలు పెరిగిపోయాయి. ఇళ్లకూ ఆఫీసులకూ గట్టి భద్రత పెట్టుకోవాలని పోలీసు కమిషనర్ చెప్పిన మాట పత్రికలో వచ్చింది. ఆ వార్త చదివిన అర్దేషిర్‌కు తాళాల ఆలోచన వచ్చింది.

అప్పటికి మన దేశంలో తాళాలు లేవని కాదు. ఆలీగఢ్‌లో కారీగర్లు చేత్తో చేసే ఇత్తడి, ఇనుప తాళాలకు మంచి పేరుండేది. ఆ పనిలో ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. చేత్తో చేసిన తాళంలో కారీగర్ హునర్‌ను బట్టి గట్టిదనం ఉంటుంది. ఒకటి చాలా గట్టిగా వస్తే, ఇంకొకటి పక్కింటి తాళంచెవికే ఊడొచ్చేది. భరోసా కావాలనుకున్న వాళ్లు ఇంగ్లండు నుంచి వచ్చే తాళాలు కొనేవాళ్లు. వాటి ధర మామూలు కుటుంబాలకు అందేది కాదు.

అర్దేషిర్ మళ్లీ కామా దగ్గరకే వెళ్లారు. మొదటి అప్పు తీర్చకుండా రెండో అప్పు అడగడానికి ఎంత మొహమాటపడి ఉంటారో ఊహించుకోవచ్చు. కామా కాదనలేదు. పరికరాల వ్యాపారం ఎందుకు మునిగిందో ఆయనకు తెలుసు. తప్పుడు ముద్ర కొట్టనన్నందుకు నష్టపోయిన కుర్రాడు తన డబ్బును తినేసే మనిషి కాదని ఆయనకు నమ్మకం కుదిరింది. కొంతకాలం తర్వాత కామా కోరిక మీద ఆయన బంధువు బాయ్స్ అనే యువకుణ్ని అర్దేషిర్ వ్యాపారంలో భాగస్వామిగా తీసుకున్నారు. బాయ్స్ ఎక్కువ కాలం ఉండలేదు. ఆయన వెళ్లిపోయినా కంపెనీ పేరులో నుంచి బాయ్స్‌ను తీసేయలేదు. గోద్రెజ్ అండ్ బాయ్స్ అన్న పేరు వెనక ఉన్న సంగతి ఇదే.

1897 మే 7న బొంబాయి లాల్‌బాగ్‌లో, గ్యాస్ కంపెనీ పక్కన ఉన్న 215 చదరపు అడుగుల షెడ్డులో పని మొదలైంది. అంటే ఈ రోజుల్లో ఒక మామూలు పడకగది కంటే కాస్త పెద్దది. ఆవిరితో నడిచే యంత్రాలు, గుజరాత్ నుంచీ మలబార్ నుంచీ వచ్చిన పన్నెండు మంది పనివాళ్లు. తాళాలకు యాంకర్ అని పేరు పెట్టారు. ప్రతి తాళంతో పాటు హామీ కాగితం ఇచ్చేవారు. ఒక తాళంచెవి ఇంకో తాళానికి పట్టకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం.

స్ప్రింగు లేని తాళం

ఆ కాలపు మంచి తాళాల్లో చాలావరకు లివర్ తాళాలే. వీటి కిటుకు సులువుగా అర్థమవుతుంది. తాళం కడుపులో ఒకదాని మీద ఒకటి పేర్చిన పలుచటి ఇత్తడి రేకులుంటాయి. వాటినే లివర్లంటారు. ప్రతి లివర్‌కూ ఒక సందు ఉంటుంది. తాళంచెవికున్న పళ్లు ఒక్కో లివర్‌ను ఒక్కో ఎత్తుకు లేపుతాయి. అన్ని సందులూ ఒకే వరసలోకి వచ్చినప్పుడే గడియ జరుగుతుంది. ఒక్క లివర్ కాస్త ఎక్కువ లేచినా, కాస్త తక్కువ లేచినా గడియ కదలదు. లివర్లు ఎన్ని ఎక్కువుంటే మారుతాళంతో తెరవడం అంత కష్టం.

ఇందులో ఒక బలహీనత ఉంది. లేచిన లివర్‌ను మళ్లీ కిందికి నొక్కడానికి చిన్న స్ప్రింగులు పెట్టేవారు. మన దేశపు దుమ్ముకూ వాన తేమకూ, అందులోనూ బొంబాయి సముద్రపు గాలికి ఆ స్ప్రింగులు తుప్పుపట్టేవి, విరిగేవి. స్ప్రింగు విరిగితే ఇంటి మనిషే బయట నిలబడాల్సి వస్తుంది. ఇంగ్లండులో గీసిన నమూనాను ఉన్నదున్నట్టు దించకుండా అర్దేషిర్ ఈ సంగతి మీద చాలా రోజులు తల బద్దలు కొట్టుకున్నారు. చివరికి స్ప్రింగు అవసరమే లేకుండా లివర్లు పనిచేసే తాళం తయారుచేసి, దానికి పేటెంటు తీసుకున్నారు.

ఇంకో రెండు తాళాల గురించి చెప్పుకోవాలి. ఒకటి డిటెక్టర్ తాళం. దాంట్లో తప్పుడు తాళంచెవి పెట్టి తిప్పితే లోపల ఒక బోల్టు బిగుసుకుంటుంది. తర్వాత యజమాని వచ్చి తన తాళంచెవి తిప్పినప్పుడు, ఎవరో చెయ్యి పెట్టారన్న సంగతి బయటపడుతుంది. రెండోది గోర్డియన్ తాళం. దానికి రెండు తాళంచెవులు. రోజూ వాడుకునేది ఒకటి. రెండోది యజమాని దగ్గరే ఉంటుంది. ఆ రెండో చెవితో తాళం లోపలి అమరిక మార్చేయవచ్చు. అప్పుడు మొదటి చెవి పనికిరాకుండా పోతుంది. అంటే పనివాడికి ఇచ్చిన చెవి పోయినా, ఎవరైనా దానికి నకలు చేయించుకున్నా, తాళం మార్చే పనిలేదు. అద్దెకిచ్చే గదులకూ గోదాములకూ ఇంతకంటే పనికొచ్చే ఉపాయం ఏముంటుంది? ఖాళీ చేసిపోయిన వాడి జేబులో మిగిలిపోయిన తాళంచెవి కొత్తగా చేరిన వాడికి ఎప్పుడూ భయమే.

అగ్గిలో పెట్టి చూపిన తిజోరి

తాళాల తర్వాత అర్దేషిర్ ఇనప్పెట్టెల మీదకు వెళ్లారు. తలుపుకు ఎంత గట్టి తాళం వేసినా, పెట్టె అతుకుల దగ్గర ఊడిపోతే లాభమేముంది? దొంగ తాళం జోలికే పోడు. ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడే గునపం పెడతాడు. అందుకని ఆయన ఒకే ఉక్కు రేకును పదహారు చోట్ల వంచి పెట్టె ఆకారం తెచ్చారు. అతుకులు తగ్గాయి. తలుపుకు రెండు రేకులు వేసి, తాళాన్ని బయటి రేకుకు కాకుండా లోపలి రేకుకు బిగించారు. బయటి రేకు మీద ఎంత బాదినా తాళం కదలదు. 1902లో మొదటి తిజోరి బయటికొచ్చింది.

జనం నమ్మాలి కదా! పత్రికల్లో ప్రకటన వేస్తే సరిపోదని ఆయనకు తెలుసు. తిజోరిలో కాగితాలు పెట్టి, అందరూ చూస్తుండగా మంటల్లో కాల్చి, తర్వాత తెరిచి చూపించారు. కోర్టులో సాక్ష్యం లేని మాట చెప్పనని వెనక్కి తిరిగొచ్చిన మనిషి, వ్యాపారంలోనూ సాక్ష్యం చూపించాకే సరుకు కొనమన్నారు.

1906లో తమ్ముడు పిరోజ్‌షా వచ్చి చేరారు. అన్నది కొత్త కొత్త ఆలోచనల బుర్ర, తమ్ముడిది ఫ్యాక్టరీ నడిపే సామర్థ్యం. ఇద్దరి జోడీ కుదిరింది. కొన్నాళ్లకు అర్దేషిర్ సబ్బుల వైపు చూశారు. అప్పట్లో సబ్బుల్లో జంతువుల కొవ్వు కలిసేది. ఏ కొవ్వు కలిసిందో తెలియక హిందువులకూ ముస్లింలకూ వాటి మీద అనుమానమే. ఆయన కేవలం నూనెగింజల నూనెతో సబ్బు చేయించారు. మొదట వచ్చిన బట్టల సబ్బు పేరు చావీ. మన ఇళ్లల్లో తాళంచెవిని ఏమంటామో ఆ మాటే!

స్వదేశీ అంటే నాసిరకం కాదు

అది స్వదేశీ ఉద్యమం వేడి మీద ఉన్న కాలం. విదేశీ బట్టలు కుప్పలుగా పోసి కాలుస్తున్నారు. స్వదేశీ వ్యాపారి కాబట్టి అర్దేషిర్‌కు అంతా లాభమే అనుకుంటాం. ఆయన మాత్రం నాయకులతో ఒక విషయంలో పేచీ పెట్టుకున్నారు. దేశం మీద ప్రేమతో నాసిరకం సరుకునైనా కొనాలని ప్రజలకు చెప్పడం తప్పన్నది ఆయన అభిప్రాయం. అలా కొనిపిస్తే, చేసేవాడు ఎప్పటికీ బాగుపడడు, కొన్నవాడు మోసపోతాడు. మన సరుకు విదేశీ సరుకుతో సమానంగానో, దాని కంటే మేలుగానో ఉన్నప్పుడే స్వదేశీ నిలబడుతుందని ఆయన నమ్మారు. తాళాల వ్యాపారి నోట ఈ మాట రావడంలో వింతేమీ లేదు. దేశభక్తితో కొన్న తాళాన్ని కూడా దొంగ తెరవగలిగితే తెరుస్తాడు.

ఇదంతా డబ్బు కోసం చేసిన వాదన కాదు. తిలక్ స్వరాజ్య నిధికి ఆయన 3 లక్షల రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో ఒక్క మనిషి అంత మొత్తం ఇవ్వడం మామూలు విషయం కాదు.

1928లో కంపెనీని తమ్ముడికి అప్పగించి అర్దేషిర్ నాసిక్ వెళ్లిపోయారు. అక్కడ వ్యవసాయం చేశారు. 1936 జనవరిలో, 67 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన పోయాక

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు పదార్థాలతో నిండిన ఓడ పేలింది. రేవు చుట్టుపక్కల పేటలు అంటుకుని, వందల మంది చనిపోయారు. ఆ మంటల్లో చిక్కుకున్న గోద్రెజ్ తిజోరీలను తర్వాత తెరిచి చూస్తే లోపలి కాగితాలు, డబ్బు భద్రంగా ఉన్నాయి. అర్దేషిర్ జనం ముందు చేసి చూపిన పరీక్షను ఈసారి నిజమైన అగ్గి చేసింది.

1951లో దేశపు మొదటి సాధారణ ఎన్నికలకు ఉక్కు బ్యాలెట్ పెట్టెలు కావాల్సి వచ్చాయి. విక్రోలీలోని ఫ్యాక్టరీలో కొద్ది నెలల్లోనే 12 లక్షలకు పైగా పెట్టెలు తయారయ్యాయి. ఒక్కోదాని ధర సుమారు 5 రూపాయలు. ప్రతి పెట్టెకూ బయట తాళంకప్ప వేస్తే ఖర్చు పెరిగిపోతుంది. దాంతో తాళాన్ని పెట్టె లోపలే అమర్చారు. కొత్తగా ఓటుహక్కు వచ్చిన కోట్ల మంది, చదువు రానివాళ్లతో సహా, తమ ఓటును ఆ పెట్టెల్లో వేసి వెళ్లారు. ఓటు కూడా ఒక అమానతే కదా.

ఈనాటికీ ఆయన లెక్కే

ఈ రోజు మన కుటుంబాల్లో ఎందరో సౌదీ, దుబాయి, ఖతార్‌లో ఉన్నారు. ఇక్కడ ఇల్లు ఖాళీ చేసి, సామాన్లు అద్దె గదిలోనో, నగరాల్లో నెలసరి అద్దెకిచ్చే స్టోరేజీ యూనిట్లలోనో పెట్టి వెళ్తున్నారు. ఏళ్ల తరబడి ఆ తలుపును కాపాడేది ఒక్క తాళంకప్ప. అర్దేషిర్ తన తాళాల్లో, తిజోరీల్లో పట్టించుకున్న విషయాలు అక్కడ కూడా అక్షరాలా పనికొస్తాయి.

మొదటిది, దొంగ చూసేది తాళాన్ని కాదు, బలహీనమైన చోటును. తాళంకప్ప ఎంత ఖరీదైనదైనా, గొళ్లెం పలచటి రేకుదైతే, దాన్ని చిన్న స్క్రూలతో బయటి నుంచి బిగించి ఉంటే, స్క్రూలు ఊడదీస్తే చాలు. గొళ్లేన్ని తలుపుకు అటు నుంచి ఇటు దాకా బోల్టుతో బిగించి, లోపల నట్టు వేయాలి. తాళంకప్పకున్న కొక్కెం ఎంత తక్కువ బయటికి కనబడితే అంత మంచిది. కట్టర్ పట్టే చోటు ఉండదు. గుండ్రంగా పళ్లెం ఆకారంలో ఉండి కొక్కెం లోపలికి దాగిపోయే కప్పలు అందుకే వచ్చాయి.

రెండోది, తాళంచెవుల లెక్క. పాత అద్దెదారు వదిలిన తాళాన్నే వాడుకోకూడదు. మన తాళం మనమే కొనాలి. వచ్చిన చెవుల్లో ఏది ఎవరి దగ్గరుందో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి. బ్యాంకు లాకర్‌కు రెండు తాళంచెవులు ఉండేది కూడా ఇందుకే. ఒకటి బ్యాంకుది, ఒకటి మనది. ఒక్కరే వచ్చి తెరవలేరు.

మూడోది, వాతావరణం. స్ప్రింగుల గురించి ఆయన పడ్డ తంటా మర్చిపోకూడదు. వానాకాలంలో బయట వేలాడే తాళం ఏడాది తర్వాత తెరుచుకోకపోవచ్చు. తుప్పుపట్టని లోహంతో చేసినదాన్ని ఎంచుకోవాలి. ఊళ్లో ఉన్నవాళ్లతో అప్పుడప్పుడూ తీయించి, వేయించి, నూనె చుక్క వేయిస్తుండాలి.

ఇక నాలుగోది బజారులో దొరకదు. తాళంచెవి ఎవరి చేతికి ఇస్తున్నామన్నదే అసలు భద్రత. మొదటి అప్పు తీరకుండానే అర్దేషిర్‌కు రెండో అప్పు ఇచ్చినప్పుడు కామా దగ్గర పెద్ద జమానతేమీ లేదు. ఆ మనిషి నష్టపోయినా తప్పుడు ముద్ర కొట్టలేదన్న సంగతి మాత్రం ఆయనకు తెలుసు. తన దగ్గర పెట్టిన అమానత్‌ను అలా కాపాడే ఒక్క మనిషి ఊళ్లో ఉంటే, ఆ ఇంటి తాళంచెవి అక్కడ వదిలి ఎంత దూరమైనా వెళ్లవచ్చు.